నలభై ఏడో నంబరు రక్తం

సీతాబాయి చేత ఒకసారి రక్తం తీయించుకున్నవాళ్ళు రెండోసారి కూడా ఆమెనే పంపమని అడిగేవారు. నరం కనిపించని ముసలివాళ్ళు, మందులు ఎక్కించీ ఎక్కించీ నరాలు గట్టిపడిపోయినవాళ్ళు, సూదిని చూస్తే కళ్ళు తిరిగే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, ఎవరైనా సరే. ఆమె కళ్ళు మూసుకుని మోచేతి మడతలో చూపుడువేలితో మెల్లగా తడిమేది. వేలు ఒకచోట ఆగేది. అక్కడ గుచ్చితే రక్తం రాకపోవడమన్నది లేదు.

ఆ పనితనం తండ్రి నుంచి వచ్చిందని ఆమె నమ్మకం. తండ్రి సాయిలు తెల్లాపూర్ చుట్టుపక్కల గుట్టల్లో రాళ్ళు కొట్టి బతికినవాడు. ఇప్పుడు ముప్పై అంతస్తుల ఇళ్ళు లేచిన చోట అప్పట్లో బండలే ఉండేవి. బండ మీద అరచెయ్యి వేసి తడిమి, ఉలి ఎక్కడ పెడితే రాయి నిలువునా చీలుతుందో చెప్పేవాడు. "రాయికి గూడ నరం ఉంటది బిడ్డా, కండ్లతోని చూస్తే దొరకదు" అనేవాడు. కూతురు ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానంటే ఊళ్ళో కొందరు నవ్వారు గానీ సాయిలు నవ్వలేదు.

కోర్సు అయ్యాక పెళ్ళి, బిడ్డ పెంపకం. ముప్పై ఏళ్ళు వచ్చాక సర్కారు దవాఖానలో ఐదేళ్ళు కాంట్రాక్టు ఉద్యోగం చేసింది. ఆ తర్వాత ఆరేళ్ళు స్కూటీ మీద కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్ తిరిగి ఇళ్ళలో రక్తం తీసింది. మూసాపేటలో మెట్రో స్టేషన్ వెనక వీధిలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే మధుకర్ ఆమె భర్త. సౌజన్య అని ఒక కూతురు, డిగ్రీ చదువుతోంది.

ఆమెకొక నియమం ఉండేది. సూది బయటికి తీయకముందు మనిషిని పేరు అడగాలి. 'మీరు ఫలానానా' అని కాదు, వాళ్ళ నోటితోనే చెప్పించాలి. లేబుల్ వాళ్ళ కళ్ళ ముందే అంటించాలి. దవాఖానలో పనిచేసిన రోజుల్లో పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళ ట్యూబులు ఎవరో తారుమారు చేశారు. ఒకరికి ఎక్కించాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కించబోయి ఆఖరి నిమిషంలో ఆపారు. ఆ తప్పు సీతాబాయిది కాదు. కానీ అది కళ్ళారా చూసింది. పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క ట్యూబు కూడా తప్పు పేరుతో పోలేదు. అది తప్ప తనకు చెప్పుకోవడానికి ఇంకేమీ లేదని ఆమె అనుకునేది.

అందుకే రంగనాథ్ గారనే శాస్త్రవేత్త తన పరిశోధనకు రక్తం తీసే మనిషి కావాలని వాకబు చేసినప్పుడు ముగ్గురు వేర్వేరుగా ఆమె పేరే చెప్పారు. రంగనాథ్ గారిది కర్నూలు. రాయదుర్గంలో ఒక అద్దాల భవనం మూడో అంతస్తులో ఆయన ల్యాబ్. కింది రెండు అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఆయన మితభాషి. ఆమెను తీసుకున్న రోజు ఒక్క మాటే అన్నారు. "ఇక్కడ మిషన్లు కోట్లు చేస్తాయమ్మా. కానీ ట్యూబు మీద నంబరు తప్పయితే అవన్నీ తప్పే చెప్తాయి."

అసలు పని ఏమిటో విడమర్చి చెప్పింది దివ్య. ఆమెది ప్రొద్దుటూరు. ముప్పై దాటని వయసు, లెక్కలన్నీ ఆమె చేతిలోనే. సీతాబాయిని మొదటిరోజు నుంచే అక్కా అని పిలిచింది.

"నువ్వు పోయే గేటెడ్ కమ్యూనిటీల్లో వాట్సాప్ గ్రూపులుంటాయి కదక్కా. ఎవడో గోడ దూకినాడనుకో. చూసినోళ్ళు గ్రూపులో పెడతారు. అందరూ తలుపులు వేసుకుంటారు, వాచ్‌మన్లు లేస్తారు. వైరస్ వస్తే ఒంట్లో జరిగేది కూడా అదే. వైరస్ దూరిన కణం పక్క కణాలకు కబురు పంపుతుంది. ఆ కబురు పేరు ఇంటర్‌ఫెరాన్. అది అందగానే రక్తంలో తెల్లకణాలు కొన్ని జన్యువుల్ని నిద్ర లేపుతాయి. మామూలు రోజుల్లో అవి పడుకోనే ఉంటాయి."

"అయితే మనం దొంగను వెతుకుతమా, కబురునా?"

"కబురునే. ఏ జన్యువు ఎంత పనిచేస్తాందో చూస్తాం. జన్యువు పనిచేస్తే ఆర్‌ఎన్‌ఏ అని ఒకటి తయారవుతుంది. దాన్ని లెక్కపెడితే ఆ మనిషి ఒళ్ళు వైరస్‌తో ఎట్లా కొట్లాడుతాందో తెలుస్తుంది. డెంగీతో ఇద్దరొస్తారు చూడు. ఇద్దరికీ మూడో రోజు జ్వరం, ఇద్దరి ప్లేట్‌లెట్లూ ఒకటే. ఒకడు ఇంటికి పోతాడు, ఇంకొకడు ఐసీయూకి పోతాడు. వాడు ఎవడో ముందే రక్తం చెప్తుందేమోనని మా ఆశ."

సీతాబాయికి ఆ మాట బాగా ఎక్కింది. అలాంటి ఇద్దరు అన్నదమ్ములను ఆమె దవాఖానలో ఉన్నప్పుడు చూసింది. పెద్దవాడు నడిచి ఇంటికి పోయాడు. చిన్నవాడు ఇంటికి చేరలేదు.

వానాకాలం మొదట్లో పని మొదలైంది. పొద్దునపూట ఇళ్ళకు పోయి రక్తం తీసే పని మాత్రం ఆమె మానలేదు. రెండు ఆసుపత్రుల్లో జ్వరంతో చేరినవాళ్ళ దగ్గర మొదటిరోజు, మూడోరోజు, ఏడోరోజు, మళ్ళీ నెల తర్వాత రక్తం తీయాలి. ఇందుకు వాడే ట్యూబులో ముందే కొంత మందు ఉంటుంది. రక్తం పడగానే ఆ మందు కణాల పనిని ఎక్కడికక్కడ ఆపేస్తుంది. లేకపోతే ట్యూబులో కూడా జన్యువులు తమ పని తాము చేసుకుపోతాయి, మనిషి ఒంట్లో ఉన్న సంగతి మిషన్‌కు అందదు. మందు బాగా కలవడానికి ట్యూబును పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. సీతాబాయి ఆ పది పైకే లెక్కపెట్టేది. జ్వరంలో ఉన్నవాళ్ళు కూడా ఆమెతోపాటు లెక్కపెట్టేవారు.

జ్వరం వచ్చినవాళ్ళతో పోల్చడానికి జ్వరం లేనివాళ్ళు కూడా కావాలి. అలాంటివాళ్ళు అరవైమంది. కుర్రాళ్ళు ఐటీ ఆఫీసుల నుంచి తొందరగానే దొరికారు. నలభై దగ్గరపడ్డ ఆడవాళ్ళే తక్కువ పడ్డారు. సెప్టెంబరులో మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో శిబిరం పెట్టినప్పుడు సీతాబాయే అడిగింది.

"నాకు నలభై ఒకటి. జ్వరం గిట్ల ఏం లేదు. నాది తీసుకోరాదున్రి మేడం?"

దివ్య రంగనాథ్ గారికి ఫోన్ చేసింది. ల్యాబ్‌లో పనిచేసే మనిషిని మొహమాటపెట్టామన్న మాట రాకూడదని ఆయన కాసేపు వెనకాడారు. చివరికి, అందరిలాగే కాగితాలు చదివి, తన ఇష్టంతోనే సంతకం పెట్టాలని చెప్పి ఒప్పుకున్నారు.

ఆ కాగితాలు సీతాబాయికి నోటికి వచ్చు. అప్పటికే నూటయాభై మందికి చదివి వినిపించింది. నాలుగో పేజీలో ఒక ప్రశ్న ఉండేది. పరిశోధనలో మీ ఆరోగ్యం గురించి ఏదైనా బయటపడితే మీకు చెప్పాలా, వద్దా? చాలామంది ఆ ప్రశ్న దగ్గర ఆగి, "ఏది పెట్టమంటారు?" అని ఆమెనే అడిగేవారు. "అది మీ ఇష్టం" అని చెప్పడం ఆమె పని. తన వంతు వచ్చేసరికి ఆగకుండా 'చెప్పాలి' దగ్గర టిక్కు పెట్టింది. తనకు ఏముంటుందని?

ఆ ఆఫీసు మెడికల్ రూమ్‌లోని నర్సు రక్తం తీసింది. లేబుల్ మాత్రం సీతాబాయే అంటించుకుంది. పేరు ఉండదు, నంబరే. ఆరోగ్యవంతుల వరసలో నలభై ఏడు.

తనకు ఏమీ లేదని ఆమె అనుకున్న మాట పూర్తిగా నిజం కాదు. ఏడాదిగా పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. పిడికిలి ముడవాలంటే వేడినీళ్ళలో చేతులు ముంచి పావుగంట కూర్చోవాలి. ఆరుగంటలకు వెళ్ళాల్సిన ఇళ్ళకు ఏడుకు వస్తానని చెప్పడం మొదలుపెట్టింది. జుట్టు ఊడుతోంది, బోరునీళ్ళు అనుకుంది. బుగ్గలు ఎర్రగా కందుతున్నాయి, స్కూటీ మీద ఎండ అనుకుంది. సాయంత్రానికి ఒళ్ళు బస్తా మోసినట్టుండేది. నలభై దాటాక ఎవరికైనా అంతే గదా అనుకుంది. వేళ్ళ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆమె బతుకే వేళ్ళ మీద ఉంది.

శీతాకాలం గడిచింది. ఫిబ్రవరిలో లెక్కలు వచ్చాయి.

దివ్య కంప్యూటర్ మీద ఒక్కో మనిషి ఒక్కో చుక్క. జన్యువుల పని ఒకే తీరుగా ఉన్నవాళ్ళ చుక్కలు దగ్గరదగ్గరగా చేరతాయి. జ్వరం ఉన్నవాళ్ళంతా కుడివైపు, లేనివాళ్ళంతా ఎడమవైపు చక్కగా విడిపోయారు. జ్వరం లేనివాళ్ళ ఆకుపచ్చ చుక్కల్లో ఒక్కటి మాత్రం ఎడమవైపు ఉండాల్సింది, డెంగీవాళ్ళ మధ్యలోకి పోయి కూర్చుంది. నలభై ఏడు.

నంబరు వెనక ఎవరున్నారో దివ్యకు తెలియదు. ఆ జాబితా రంగనాథ్ గారి బీరువాలో ఉంటుంది. ఆయన తెర చూసి, "లేబుల్ మారింది" అన్నారు. శిబిరం జరిగిన రోజు మధ్యాహ్నమే ఆసుపత్రిలో ముగ్గురు జ్వరంవాళ్ళ దగ్గర కూడా రక్తం తీశారు. అన్నీ ఒకే పెట్టెలో ల్యాబ్‌కు వచ్చాయి. అనుమానం రావడం సహజమే. సీతాబాయిని పిలిపించారు.

గదిలో ముగ్గురే ఉన్నారు. రంగనాథ్ గారు గొంతు పెంచలేదు. "తప్పు ఎవరికైనా జరుగుతుందమ్మా. ఆ రోజు ఏమైందో గుర్తు తెచ్చుకో. తిట్టడానికి పిలవలేదు" అన్నారు.

ఆ మెత్తదనమే సీతాబాయిని ఎక్కువ గుచ్చింది. తప్పు జరిగిందని ఆయన తేల్చేసుకున్నారని అర్థమైంది.

"నేను మార్వలే సార్."

"పెట్టెలో ట్యూబులన్నీ ఒక్కతీరే ఉంటాయి. తొందరలో..."

"ట్యూబు పెట్టెల పడకముందే లేబులు అంటిస్త సార్. పదకొండేండ్ల సంది గంతే. ఏ నంబరు సార్ అది?"

"నలభై ఏడు" అంది దివ్య.

సీతాబాయి నిదానంగా అంది. "నా చేతులతోని అంటించుకున్న మేడం. ఆ ట్యూబుల ఉన్నది నా రక్తమే."

ఇద్దరూ ఆమె ముఖం వంక చూశారు. ఎవరి రక్తమో తెలియకూడదన్న నియమం ఆ గదిలో అక్కడితో పోయింది. రంగనాథ్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

దివ్య ఆ మధ్యాహ్నమంతా లెక్కలు తిరగేసింది. ఆ రోజు జ్వరంవాళ్ళ ట్యూబులు మూడూ జ్వరంవాళ్ళ తీరుగానే ఉన్నాయి. నిజంగా మారి ఉంటే వాటిలో ఒకటి ఆరోగ్యంగా కనిపించాలి. పైగా ఆ ముగ్గురూ మగవాళ్ళు. ఆడవాళ్ళ కణాల్లో మాత్రమే పనిచేసే జన్యువు ఒకటుంది. నలభై ఏడులో అది గట్టిగా పనిచేస్తోంది. ట్యూబులో ఉన్నది ఆడమనిషి రక్తమే. సీతాబాయి చెప్పింది నిజం.

"అయితే అప్పుడు నీకు డెంగీ వచ్చిపోయి ఉంటుందక్కా. జ్వరం రాకుండా కూడా వస్తుంది చాలామందికి. జ్వరంవాళ్ళ మధ్యే కదా తిరిగినావు" అంది దివ్య. దాచిన రక్తంలో వెతికారు. డెంగీ లేదు. చికున్‌గున్యా లేదు, కరోనా లేదు, తెలిసిన వైరస్ ఏదీ లేదు. మళ్ళీ ఒకసారి రక్తం ఇస్తావా అని అడిగారు. ఆమె వెంటనే చెయ్యి చాపింది. ఇంకా తన మీద ఏదో మూల అనుమానం ఉందేమోనని, అది పూర్తిగా పోవాలని ఆమె పంతం.

మూడు వారాలకు ఆ లెక్క వచ్చింది. ఐదు నెలల తేడాతో తీసిన రెండు ట్యూబులు. రెండు చుక్కలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

దివ్య ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు సీతాబాయి నల్లగండ్లలో ఒక ఇంటి ముందు స్కూటీ ఆపి ఉంది.

"జూస్తిరా మేడం? నేను చెప్పలే? నా లేబులు ఎన్నడు తప్పుపోదు" అంది. సంతోషంతో రోడ్డు మీదే నవ్వింది. అవతల దివ్య నవ్వకపోవడం ఆమె గమనించలేదు.

ఎందుకంటే ఆ రెండు చుక్కలు చెప్పేది ఇంకొకటి ఉంది. వైరస్ వస్తే కబురు వారం పదిరోజులు గట్టిగా నడిచి సద్దుమణుగుతుంది. ఐదు నెలలు నడవదు. దొంగ లేడు. కబురు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది. ఒళ్ళు తనను తానే దొంగ అనుకుంటే అలా జరుగుతుంది. అలాంటి జబ్బులు కొన్ని ఉన్నాయని, వాటిలో ఒకటి ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుందని రంగనాథ్ గారికి తెలుసు. కానీ ఆయన డాక్టరు కాదు. ఆ ల్యాబ్ లెక్క రోగనిర్ధారణ కిందికి రాదు. ఊరికే భయపెట్టినా తప్పే, చెప్పకుండా ఊరుకున్నా తప్పే. ఆయన బీరువా తెరిచి సంతకాల కాగితాలు తీశారు. నాలుగో పేజీలో టిక్కు 'చెప్పాలి' దగ్గర ఉంది. అది పట్టుకుని, పరిశోధనల్లో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి రాశారు. వాళ్ళు కూర్చుని, మాట్లాడి, చెప్పమని అనుమతి ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ దివ్య సీతాబాయికి ఎదురుపడకుండా తిరిగింది.

చెప్పిన రోజు రంగనాథ్ గారు మొదట ప్రశ్నలే వేశారు.

"పొద్దున లేస్తానే కీళ్ళు పట్టేస్తాయా అమ్మా?"

సీతాబాయి చేతులు ఒడిలో దాచుకుంది. "ఎవరు చెప్పిన్రు సార్?"

"ఎవరూ చెప్పలేదు. ఎండలో ముఖం కందుతుందా? జుట్టు ఊడుతోందా?"

ఆమె ఒక్కొక్కదానికి తల ఊపింది. ఏడాదిగా మొగుడికి కూడా చెప్పని సంగతులు ఈయనకు ఎలా తెలిశాయో అంతుపట్టలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. ఇది జబ్బే అని తాను అనడం లేదు. కీళ్ళ జబ్బుల డాక్టరుకు చూపించి, అసలు పరీక్షలు చేయించుకోవాలి. ఆలస్యం చేయకూడదు.

"అంటే నేను మంచిగున్నోళ్ళ లెక్కల లేనా సార్?" అని అడిగింది సీతాబాయి. ఆయన కీళ్ళ డాక్టరు చిరునామా చీటీ మీద రాసి చేతికిచ్చారు.

ఆ సాయంత్రం దుకాణంలో మధుకర్ ఒక మిక్సీ విప్పి కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విని, స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"జ్వరం లేదు, దెబ్బ లేదు. కంప్యూటర్ల ఏదో చుక్క జూసి బీమారి అంటరా? అట్లయితే ఊరంత బీమారే."

"వేళ్ళు బిగుస్తున్నయయ్యా. ఏడాది సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పని మానమంటవని."

మధుకర్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. కొన్ని కణుపులు ఉబ్బి వెచ్చగా ఉన్నాయి. రోజూ ఆ చేత్తోనే అన్నం పెట్టించుకున్నాడు, ఎప్పుడూ చూడలేదు. "ఇగ రేపే పోదాం" అన్నాడు.

గచ్చిబౌలి ఆసుపత్రిలో ఆమెకు రక్తం తీసిన అమ్మాయి పనికి కొత్త. రెండుసార్లు గుచ్చింది, నరం జారిపోయింది. సీతాబాయి ఏమీ అనకుండా, మూడోసారి తానే వేలితో చోటు చూపించింది. ఆ అమ్మాయి సిగ్గుపడింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నా నరం జర లోపలుంటది" అంది సీతాబాయి.

వారంలో పరీక్షలన్నీ వచ్చాయి. లూపస్. రోగనిరోధక శక్తి శరీరం మీదికే తిరగబడే జబ్బు. మూత్రంలో కొద్దిగా ప్రొటీన్ పోతోంది. అంటే జబ్బు కిడ్నీల గడప దాకా వచ్చింది. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్ష కూడా చేశారు. దెబ్బ ఇంకా తక్కువగానే ఉందని తేలింది. డాక్టరమ్మ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. "మామూలుగా మా దగ్గరికి కాళ్ళు వాచాక, ముఖం ఉబ్బాక వస్తారు. మీరు ముందుగా వచ్చారు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదండి. మందులు మానకుండా వేసుకుంటే అదుపులో ఉంటుంది. ఎండలో తిరగకండి."

మందుల్లో స్టెరాయిడ్ ఉంది. నెలకు ముఖం గుండ్రమైంది. ఆకలి పెరిగింది, నిద్ర తగ్గింది, కోపం ఎక్కువైంది. రెండు నెలలు పనికి పోలేదు. ఇంట్లో కూర్చోవడం ఆమెకు తెలియని విద్య. కూతురు సౌజన్య మాత్రలు రోజువారీగా డబ్బాలో సర్ది పెట్టేది. ఒకరోజు సర్దుతూ సర్దుతూ ఆగి అడిగింది.

"జన్యువులు అంటున్నరు గదమ్మా. అంటే నాకు గూడ వస్తదా?"

సీతాబాయికి ఆ ప్రశ్న ముందే తట్టింది. డాక్టరమ్మను రహస్యంగా అడిగి వచ్చింది కూడా. "నా ముక్కు, కండ్లు నీకు వచ్చినట్టు రాదంట. జర ఎక్కువ అవకాశం ఉంటదంట, గంతే. కీళ్ళు నొస్తే దాచిపెట్టకు. నాలెక్క చెయ్యకు" అంది. సౌజన్య డబ్బా మూత పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు పొద్దునలేచి పిడికిలి ముడిచి చూసుకోవడం తల్లి కంట పడుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే దివ్య ఇంటికి వచ్చింది. నలభై ఏడో నంబరును ఆరోగ్యవంతుల లెక్కలోంచి తీసేశామని, వ్యాసం అచ్చుకు పోకముందే ఇది చెప్పడం న్యాయమని అంది. జబ్బు పేరు విన్నప్పుడు రాని కన్నీళ్ళు సీతాబాయికి అప్పుడు వచ్చాయి.

"అందరికి చదివి చెప్పిన కాయితం. నేను పెట్టిన సంతకం. పదిసార్లు తిప్పిన ట్యూబు. పనికిరాకపాయె గద మేడం."

"పనికిరాకపోవడం కాదక్కా. నీది కలిపితే తక్కినోళ్ళ లెక్క తప్పవుతుంది. అంతే."

"నాకు ఎరుకే" అంది సీతాబాయి కళ్ళు తుడుచుకుని. నిజంగానే ఎరుక. తప్పు నంబరు ఏం చేస్తుందో ఆమెకంటే తెలిసినవాళ్ళు ఆ ల్యాబ్‌లో లేరు. లేచి వెళ్ళి చాయ్ పెట్టింది. దివ్య తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళింది.

మూడో నెలలో మూత్రంలో ప్రొటీన్ సగానికి తగ్గింది. ఆరో నెలకు దాదాపు ఆగింది. స్టెరాయిడ్ తగ్గించారు. వేళ్ళు మళ్ళీ ముడుచుకోవడం మొదలుపెట్టాయి. రంగనాథ్ గారు పని మార్చి ఇచ్చారు. ఎండలో తిరగనక్కర్లేదు. ప్రగతి నగర్‌లో కొత్తగా తెరిచిన కేంద్రంలో జ్వరంవాళ్ళ రక్తం తీయాలి, ఇద్దరు ఆడపిల్లలకు పని నేర్పాలి. జ్వరంవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చా అని ఆమే డాక్టరమ్మను అడిగింది. డెంగీ దోమ వల్ల వస్తుంది, మనిషిని ముట్టుకుంటే రాదు. కానీ దగ్గు జ్వరాలు వేరు, ఇప్పుడు మీరు వేసుకునే మందులు ఒంటి కాపలాను కొంత తగ్గిస్తాయి, మాస్కు లేకుండా పోవద్దు అని డాక్టరమ్మ చెప్పింది. సీతాబాయి దగ్గు ఉన్నవాళ్ళను ఆడపిల్లలకు అప్పగించి, తాను డెంగీవాళ్ళను చూసుకోవడం మొదలుపెట్టింది. స్కూటీని సౌజన్యకు ఇచ్చేసింది.

మరుసటి వానాకాలానికి రంగనాథ్ గారి వ్యాసం అచ్చయింది. దివ్య దాన్ని ప్రింటు తీసి తెచ్చి, ఒక పేజీ మడిచి చూపించింది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఆరోగ్యవంతులుగా తీసుకున్న అరవైమందిలో ఒకరికి పరిశోధన నడుస్తుండగా ఆటో ఇమ్యూన్ జబ్బు బయటపడింది కాబట్టి వారిని లెక్క నుంచి తీసివేశాము.

సీతాబాయి ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "నా పేరు లేదు గద?"

"ఉండకూడదక్కా. అది నియమం."

"మంచిగైంది" అంది. కాగితం మడుస్తూ, "ఇంత పెద్ద కథ ఒక్క లైన్ల రాసిన్రు" అంది. ఆ కాగితం సంచిలో పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. చూపిస్తే చదివి అర్థం చెప్పాలి, మళ్ళీ అంతా మొదటి నుంచి చెప్పాలి.

ఆ సాయంత్రం మూసాపేట స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసి, నాలుగు గంటల ఎండ చురుగ్గా కాస్తోంది. మెట్ల కింద మధుకర్ నిలబడి ఉన్నాడు. దుకాణం వదిలి రావడం అతనికి అలవాటు లేదు. చేతిలో పెద్ద నల్లగొడుగు, కొత్తది, ఇంకా చీటీ కూడా తీయలేదు.

"ఇదేంది, పెండ్లిల పట్టేంత గొడుగు?" అంది సీతాబాయి.

"చిన్నది దొరకలే" అన్నాడు మధుకర్. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె గొడుగు అందుకుని విప్పింది. ఇద్దరూ దాని కింద వీధిలోకి నడిచారు.